రిపోర్టులో లేని గడి

కిడ్నీ దెబ్బతింటే క్రియాటినిన్ పెరుగుతుందని ఊరందరికీ తెలుసు. దానితోపాటే మగ, ఆడ హార్మోన్లు పడిపోతాయన్న మాట మాత్రం అటు ఆసుపత్రిలోనూ ఇటు ఇంట్లోనూ ఎవరి నోటా రాదు. ఆ మౌనం ఖరీదు ఎంతో చూద్దాం.

అనంతపురం సీమలోని ముదిగుబ్బ కూడలిలో తెల్లవారుజామున బస్సు కోసం నిలబడ్డవాళ్ల చేతులు చూస్తే ఎవరు ఎక్కడికి పోతున్నారో చెప్పేయొచ్చు. తాపీ సంచి పట్టుకున్నవాళ్లు బేల్దారి పనికి బెంగళూరు. ఖాళీ గోనెసంచులు చంకన పెట్టుకున్నవాళ్లు కదిరి. ముంజేతి మీద నరం తాడులా ఉబ్బి, ఆ చేతికి ఎవరి భుజమూ తగలకుండా ఒంటికి దగ్గరగా పెట్టుకుని నిలబడ్డ మనిషైతే మాత్రం డయాలసిస్‌కే. ఆ ఉబ్బిన నరాన్ని ఫిస్టులా అంటారు. రక్తం మిషన్‌లోకి పోయేదీ తిరిగొచ్చేదీ దానిగుండానే. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు. అనంతపురానికైతే పోను దాదాపు అరవై కిలోమీటర్లు, రాను అరవై. పక్కన భార్య. ఆమె చేతిలో ప్లాస్టిక్ కవర్లో ఫైలు.

ఆ ఫైలు తెరిస్తే యూరియా, క్రియాటినిన్, పొటాషియం, హిమోగ్లోబిన్... ఏ గడికి ఆ గడి నింపి ఉంటుంది. ఎన్నేళ్ల ఫైలైనా తిరగేయండి, ఆ మనిషి ఒంట్లో మగ హార్మోను ఎంతుందో, ఆడమనిషైతే చివరిసారి ముట్టు ఎప్పుడైందో రాసిన కాగితం దొరకడం అరుదు.

ఫైలులో లేనిది గోడ మీద దొరుకుతుంది. ఏ ఊరి బస్టాండులోనైనా మూత్రశాల గోడ చూడండి. నరాల బలహీనత, సంతాన లేమి, దాంపత్య సమస్యలు, ఒక్క కోర్సుతో గ్యారంటీ. కింద సెల్ నంబరు. డాక్టరు అడగని ప్రశ్నను ఆ గోడ పెద్దక్షరాల్లో అడుగుతోంది. కిడ్నీ పాడైన మనిషి ఆ నంబరుకు ఫోన్ చేస్తే తప్పెవరిదంటారు?

ఇది కొందరి కథ కాదు

స్వీడన్‌లో కిడ్నీ వైఫల్యం ఉన్న 260 మంది మగవాళ్ల రక్తం పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 44 మందిలో టెస్టోస్టిరాన్ లోపం. ఇంకో 33 మందిలో చాలీచాలని స్థాయి. మామూలుగా ఉన్నది నూటికి 23 మందికే. స్తంభన సమస్య సంగతి చూస్తే, వేర్వేరు దేశాల అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టినవాళ్లు కిడ్నీ జబ్బున్న మగవాళ్లలో నూటికి 70 మందికి ఉందని తేల్చారు. డయాలసిస్ గదిలో పది మంచాలుంటే ఏడు మంచాల మీద ఇదే బాధ. పక్క మంచమాయనకూ ఉందని ఈ మంచమాయనకు తెలియదు. పొటాషియం గురించి మాట్లాడుకుంటారు, నీళ్లు ఎన్ని గ్లాసులు తాగావని అడిగి తెలుసుకుంటారు, చికెన్ తిన్నందుకు నర్సు తిట్టిందని నవ్వుకుంటారు. ఈ ఒక్క మాట దగ్గర అందరూ ఫ్యాను వైపు చూస్తారు.

డయాలసిస్ దాకా వచ్చాకే ఇది మొదలవుతుందనుకోవడం కూడా పొరపాటు. కిడ్నీ జబ్బుకు అయిదు దశలు. మూడో దశలో, అంటే కాళ్లవాపులూ ఆయాసమూ ఇంకా కనపడని రోజుల్లోనే, హార్మోన్లు జారడం మొదలవుతుంది. "పని చేయలేకపోతున్నా, ఒళ్లు సహకరించడం లేదు" అని మనిషి చెబుతుంటాడు. వయసు మీద పడిందిలే అని ఇంట్లోవాళ్లు సర్దిచెబుతుంటారు.

బోరు, మోటారు, స్టార్టరు

అనంతపురం సీమలో దేన్నైనా బోరుతో పోల్చి చెబితే సులువుగా అర్థమవుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ నేలలో రైతుకు బోరు గురించి తెలియనిది లేదు.

బోరు ఎండిపోతే నీళ్లు రావు. మోటారు కాలిపోయినా రావు. రెండూ బాగుండి స్టార్టరు సరిగా పట్టకపోయినా రావు. కిడ్నీ జబ్బులో ఈ మూడింటి దగ్గరా ఎంతో కొంత చెడుతుంది. మెదడు అడుగున హైపోథలామస్ అనే చిన్న భాగముంది. అదే స్టార్టరు. గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి ఒక సంకేతం పంపుతుంది. దాన్ని పిట్యూటరీ గ్రంథి అందుకుని తన హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. అవి వృషణాలనూ అండాశయాలనూ నడిపే మోటారు. ఆ బోర్లలోనే టెస్టోస్టిరాన్, ఈస్ట్రోజన్ ఊరతాయి. ఒంట్లో మలినాలు పేరుకున్నకొద్దీ స్టార్టరు కొట్టే దెబ్బలో బలం తగ్గిపోతుంది, లయ తప్పుతుంది. త్రీ ఫేజ్ కరెంటు వచ్చీరానట్టు ఉన్న రాత్రి మోటారు మూలిగినట్టే.

దీనికి ఇంకోటి తోడవుతుంది. తల్లికి పాలు పడేలా చేసే ప్రోలాక్టిన్ అనే హార్మోను మగవాళ్లలోనూ కొంచెం ఉంటుంది. మామూలుగా దాన్ని బయటికి పంపించే పనిలో కిడ్నీలకూ వాటా ఉంది. కిడ్నీ చెడితే అది రక్తంలోనే పేరుకుంటుంది. పాలిచ్చే తల్లికి కొన్నాళ్లు ముట్టు రాకుండా చేసేది కూడా ఈ హార్మోనే. అది ఎక్కువైతే మగవాడి కోరికనూ ఆడమనిషి నెలసరినీ రెంటినీ అణిచేస్తుంది. డయాలసిస్‌లో ఉన్న కొందరు మగవాళ్లకు రొమ్ములు ఉబ్బి నొప్పి పుట్టడం చూస్తుంటాం. హార్మోన్ల తూకం తప్పినందువల్ల వచ్చేదే అది. కొన్నిసార్లు మందుల వల్లా వస్తుంది. నీరు లాగడానికిచ్చే స్పైరనోలాక్టోన్‌కు ఆ గుణం ఉంది. వాంతులకు వాడే మెటాక్లోప్రమైడ్ ప్రోలాక్టిన్‌ను ఇంకా పెంచుతుంది. చొక్కా మీద తువ్వాలు కప్పుకుని తిరిగే మనిషికి ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే, మందు మార్చమని అడిగేవాడు.

వీటి మీద షుగరు, బీపీ. కిడ్నీ పాడవడానికి మన దగ్గర పెద్ద కారణాలు ఇవే, రక్తనాళాలనూ నరాలనూ తినేసేవీ ఇవే. కొన్ని బీపీ మందులు ఇంకాస్త తోడవుతాయి. దిగులు సరేసరి.

మగతనం ఒక్కటే కాదు

టెస్టోస్టిరాన్ అనగానే మన ఆలోచన పడక దగ్గరే ఆగిపోతుంది. ఈ విషయంలో డాక్టర్లనూ పూర్తిగా మినహాయించలేం. ఆ హార్మోను చేసే పనులు చాలా ఉన్నాయి. కండ పట్టాలంటే అది కావాలి, ఎముక గట్టిపడాలంటే అది కావాలి, ఎర్రకణాలు పుట్టాలన్నా అది కావాలి.

కిడ్నీ రోగి రక్తహీనతకు ఇవాళ ఎరిత్రోపొయిటిన్ ఇంజక్షన్ వేస్తున్నారు. అమెరికాలో దానికి అనుమతి వచ్చింది 1989లో. అంతకుముందు డయాలసిస్ రోగులకు రక్తం పట్టడానికి డాక్టర్లు వాడిన మందుల్లో నాండ్రోలోన్ ఒకటి. అది టెస్టోస్టిరాన్ కుటుంబానికి చెందినదే. అంటే మగ హార్మోనుకూ రక్తానికీ ఉన్న చుట్టరికం కిడ్నీ వైద్యానికి ఎప్పటినుంచో తెలుసు. మందు మారాక ఆ తెలివిడి కూడా పక్కకు పోయింది. ఇంజక్షన్ వేస్తున్నా హిమోగ్లోబిన్ పెరగని మనిషిలో ఐరన్ చూస్తారు, ఇన్ఫెక్షన్ చూస్తారు. టెస్టోస్టిరాన్ చూడాలన్న ఆలోచన చాలా ఆలస్యంగా వస్తుంది. టెస్టోస్టిరాన్ బాగా తక్కువున్న డయాలసిస్ రోగుల్లో మరణాలు ఎక్కువని కూడా స్వీడన్ పరిశోధకులే గమనించారు. హార్మోను తగ్గడం వల్ల మరణాలు పెరిగాయా, జబ్బు ముదరడం వల్ల రెండూ జరిగాయా అన్నది వేరే ప్రశ్న. పట్టించుకోదగ్గ అంకె అని చెప్పడానికి మాత్రం ఇది చాలు.

ఈ ఊరి లెక్కలోకి దించి చూడండి. చెనక్కాయ చేలో రోజంతా వంగి పని చేసిన మనిషి. ఇప్పుడు అర మూట ఎత్తలేడు. తొడలు సన్నబడ్డాయి. ఒకప్పుడు మీసం మెలేసిన చేయి ఇప్పుడు గడ్డం గీసుకోవాల్సిన రోజులు కూడా మరిచిపోయింది, వెంట్రుకే సరిగా రావడం లేదు కాబట్టి. ఇంట్లో ఇల్లాలితో మాట తగ్గింది. దగ్గరికి పోతే ఏమవుతుందో అన్న భయంతో వరండాలో మంచం వేసుకున్నాడు. "నామీద మనసు విరిగింది" అని ఆమె అనుకుంటుంది. "నేను పనికిరానివాణ్ణయ్యానని ఆమెకు తెలిసిపోయింది" అని ఆయన అనుకుంటాడు. ఇద్దరూ అదే బస్సులో, అదే సీట్లో, వారానికి మూడుసార్లు.

ఆమె సంగతి

మగవాళ్ల గురించైనా గోడల మీద రాస్తారు. ఆడవాళ్ల గురించి అది కూడా లేదు.

కిడ్నీ దెబ్బతిన్న ఆడమనిషికి అండం విడుదల ఆగిపోతుంది. ముట్టు తప్పుతుంది, లేదా నెలలు దాటి వస్తుంది, చివరికి నిలిచిపోతుంది. మామూలు ఆడవాళ్లకంటే నాలుగైదేళ్లు ముందే ముట్లుడిగిపోతాయి. ఈస్ట్రోజన్ లేని ఒళ్లు అసలే కిడ్నీ జబ్బుతో గుల్లబారిన ఎముకలను ఇంకా గుల్ల చేస్తుంది. లోపల పొడిబారి కలయిక నరకమవుతుంది. రాత్రిపూట ఒళ్లు ఆవిర్లు. ముప్పయ్యయిదేళ్ల మనిషి ఈ బాధలు ఎవరితో చెప్పుకుంటుంది?

కొందరికి దీనికి తలకిందులుగా జరుగుతుంది. అండం విడుదల కాకుండా గర్భాశయం పొర పెరిగిపోయి, వచ్చినప్పుడు ధారగా పోతుంది. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, అది తోడవుతుంది. ఉన్న రక్తం కాస్తా పోతుంది. ఇక్కడే ఆంధ్రదేశపు పాత జాడ్యం ఒకటి గుర్తొస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు మన రాష్ట్రంలో నూటికి 8.7 మంది. రాష్ట్రాల్లోకెల్లా మనమే ముందు. రక్తం ఎక్కువ పోతోందంటే సంచి తీయించేద్దాం అనే మాట ఇక్కడ అంత తేలిగ్గా నోటికొస్తుంది. క్రియాటినిన్ ఒక్కసారి చూసి ఉంటే కొందరిలోనైనా అసలు కారణం నడుము వెనకాల ఉందని తెలిసేది. సంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్క రోజులో ఆగిపోతుంది.

చిన్న వయసులో కిడ్నీ చెడిన ఆడపిల్ల సంగతి ఇంకో తీరు. తోటిపిల్లలంతా పెద్దమనిషి అయినా తను కాదు. కిడ్నీ వైఫల్యం ఉన్న పిల్లల్లో ఈడు రావడం సగటున రెండేళ్ల దాకా ఆలస్యమవుతుంది. మగపిల్లల్లోనూ అంతే, గొంతు మారదు, ఎత్తు పెరగరు. మన ఇళ్లలో అప్పుడు జరిగేది మొక్కులు, తాయెత్తులు, "ఏం దోషమో" అన్న గుసగుసలు. పదహారేళ్లొచ్చినా సమర్తాడని పిల్లకు, ఎత్తు ఆగిపోయిన పిల్లాడికి, ఒక మూత్ర పరీక్ష, ఒక క్రియాటినిన్ చేయిస్తే పోయేదేమీ లేదు.

బిడ్డ సంగతి. డయాలసిస్ మీద ఉండి బిడ్డను కనడం అసాధ్యం కాదు, కానీ మన డయాలసిస్‌తో చాలా కష్టం. కెనడా, అమెరికా గర్భిణుల వివరాలు పోల్చి 2014లో ఒక అధ్యయనం వచ్చింది. వారానికి 20 గంటలు, అంతకన్నా తక్కువ డయాలసిస్ చేసినవాళ్లలో బతికిన బిడ్డలు నూటికి 48. వారానికి 36 గంటలకు పైగా చేసినవాళ్లలో నూటికి 85. మనవాళ్లకు దొరికేది వారానికి 12 గంటలు. మిగిలింది లెక్క చేసి చెప్పనక్కరలేదు.

ఉద్దానం నేర్పిన పాఠం, నేర్వని పాఠం

తెలుగునాట కిడ్నీ జబ్బు అనగానే గుర్తొచ్చేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడితోటలు, కొబ్బరితోటల మధ్య కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు. షుగరూ బీపీ లేని కూలీలకు కూడా కిడ్నీలు పోతున్నాయి, ఎందుకో ఇప్పటికీ తేలలేదు. డాక్టర్ టి. రవిరాజు లాంటి కిడ్నీ నిపుణులు ఏళ్ల తరబడి అక్కడ పనిచేశారు. 2017లో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వెళ్లాక అది రాష్ట్రమంతటి వార్త అయింది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇన్నేళ్ల వార్తల్లో నీళ్లు, సిలికా, పురుగుమందులు, పింఛన్లు అన్నీ వచ్చాయి. ఆ ఊళ్లకు పిల్లనివ్వడానికి వెనకాడుతున్నారన్నది కూడా వచ్చింది. పెళ్లయిన తర్వాతి సంగతి ఎవరూ రాయలేదు. విలేకరులం మనమూ ఆ గడప దగ్గరే ఆగిపోయాం.

ముదిగుబ్బ ఉద్దానం కాదు. ఇక్కడి కష్టాలు వేరు. ఈ పీఠభూమి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ పాత శత్రువు. 1995-96లో సత్యసాయి తాగునీటి పథకం అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు నీళ్లు తేవాల్సి వచ్చింది ఊరికే కాదు. ఫ్లోరైడ్‌ను ఒంట్లోంచి బయటికి తోసేది కిడ్నీలే. అవి చెడితే అది ఎముకల్లో ఇంకా పేరుకుంటుంది. కీళ్లు పట్టేస్తాయి, నొప్పి బిళ్లలు మొదలవుతాయి. అంగట్లో అడిగితే చాలు, చీటీ లేకుండానే ఇచ్చే ఆ బిళ్లలు ఉన్న కిడ్నీని కూడా ఎండగడతాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు తాగక, రాత్రికి ఒక బిళ్ల వేసుకుని పడుకునే కూలీ చేతులారా చేసుకుంటున్నదేమిటో అతనికి తెలియదు.

అలా బలహీనపడిన కిడ్నీ మీద ఆ గోడ మీది నంబరు వచ్చి పడుతుంది. "శక్తి" పొడుల్లో, భస్మాల్లో పాదరసం, సీసం కలిసిన సందర్భాలు వైద్య పత్రికల్లో బోలెడు. చెన్నై పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. మూత్రంలో ప్రొటీన్ పోయే ఒక రకం కిడ్నీ జబ్బుకూ పాదరసం ఉన్న నాటుమందుల వాడకానికీ లంకె ఉందని, మందు మానేశాక చాలామందికి తగ్గిందని వాళ్లు చూపించారు. ఇంకో తమాషా. లైంగిక శక్తి పెంచుతామనీ, నెలసరి సరిచేస్తామనీ మందులకు ప్రచారం చేయడం మన దేశంలో నేరం. ఆ చట్టం వచ్చింది 1954లో. గోడలకు చదువు రాదు కాబోలు.

ఏం చేయొచ్చు?

చేయగలిగింది చాలానే ఉంది. మొదటిది పరీక్ష. టెస్టోస్టిరాన్ పొద్దున్నే ఎక్కువగా ఉంటుంది కనుక పది గంటలలోపే రక్తం ఇవ్వాలి. ఒక్కసారి తక్కువ వస్తే సరిపోదు, ఇంకో రోజు మళ్లీ చూడాలి. డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువుంటే లోపం కింద లెక్క. ప్రోలాక్టిన్, థైరాయిడ్ కూడా చూస్తారు. ఆడవాళ్లకు నెలసరి చరిత్రే సగం పరీక్ష. క్యాలెండర్ మీద గుర్తుపెట్టుకుని పోతే చాలు.

ఆ తరువాత మందుల చీటీ మొత్తం ఒకసారి తిరగేయాలి. ఏది మారిస్తే సరిపోతుందో డాక్టరుకు తెలుసు. మీకై మీరు బీపీ బిళ్ల మానేస్తే మాత్రం పక్షవాతం పిలిచి తెచ్చుకున్నట్టే. డయాలసిస్ చాలినంత జరుగుతోందా, ఒక రోజు ఎగ్గొడుతున్నారా అన్నది ఇంకో ప్రశ్న. రక్తహీనత తగ్గితే చాలామందికి ఓపికతోపాటు కోరిక కూడా తిరిగొస్తుంది.

స్తంభన సమస్యకు సిల్డినాఫిల్ కిడ్నీ రోగులు కూడా వాడొచ్చు, డాక్టరు చెబితేనే. మామూలువాళ్ల కంటే తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే బిళ్ల గానీ, ఆ జాతి మందులు గానీ వాడేవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు.

టెస్టోస్టిరాన్ ఇంజక్షన్‌గానూ, జెల్‌గానూ దొరుకుతుంది. లోపం నిజంగా ఉందని తేలినవాళ్లకు ఓపిక, కండ, రక్తం మెరుగుపడే అవకాశం ఉంది. దానివల్ల ఆయుష్షు పెరుగుతుందని ఎవరూ రుజువు చేయలేదు. ఒంట్లో నీరు నిలవడం, రక్తం మరీ చిక్కబడటం లాంటి ఇబ్బందులున్నాయి, అందుకే ప్రోస్టేట్, హిమోగ్లోబిన్ చూసుకుంటూ ఇవ్వాలి. ఇంకా పిల్లలు కావాలనుకునే మగవాడు మాత్రం దాన్ని అసలు తీసుకోకూడదు. బయటినుంచి హార్మోను వస్తోందని తెలిస్తే మెదడు స్టార్టరు ఆపేస్తుంది, ఉన్న వీర్యకణాలు కూడా తగ్గిపోతాయి. మగతనం కోసం వేయించుకున్న ఇంజక్షనే సంతానానికి అడ్డమవుతుంది. ఆర్‌ఎంపీ దగ్గర "బలానికి" వేయించుకునే ఇంజక్షన్లలో ఏముందో అడిగి తెలుసుకోమని చెప్పేది అందుకే.

చిన్న వయసులో ముట్టు నిలిచిపోయిన ఆడవాళ్లకు ఎముకల కోసమైనా హార్మోన్ ఇవ్వాలా అని డాక్టర్లు తూచి చూస్తారు. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కనుక అందరికీ ఇవ్వరు. పొడిబారడానికి లోపల రాసుకునే క్రీములున్నాయి. అడిగితే రాస్తారు.

పాకాల దారి

హార్మోన్ల స్టార్టరు మళ్లీ సరిగ్గా పట్టేది ఎక్కువగా కిడ్నీ మార్పిడితోనే. కొత్త కిడ్నీ పనిచేయడం మొదలుపెట్టాక ప్రోలాక్టిన్ దిగుతుంది, చాలామంది మగవాళ్లలో టెస్టోస్టిరాన్ మామూలు స్థాయికి వస్తుంది. ఆడవాళ్లకు నెలల్లోనే ముట్టు తిరిగొస్తుంది. ముట్టు రాకముందే అండం విడుదలై గర్భం నిలిచే అవకాశం కూడా ఉంది, అందుకే ఆపరేషన్ అయిన కొత్తలో గర్భనిరోధకం తప్పనిసరి. కనీసం ఏడాది ఆగి, మైకోఫెనోలేట్ లాంటి మందులు ముందుగానే మార్పించుకుని, అప్పుడు బిడ్డ గురించి ఆలోచించాలి. మార్పిడి తర్వాత ప్రపంచంలో మొదట తల్లయినది అమెరికాకు చెందిన ఎడిత్ హెల్మ్. కవల సోదరి ఇచ్చిన కిడ్నీతో 1956లో ఆపరేషన్, 1958లో కొడుకు.

మన దేశంలో మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1971లో వేలూరు సి.ఎం.సి.లో జరిగింది. ముదిగుబ్బ రైల్వే స్టేషన్ ఉన్నది ధర్మవరం–పాకాల లైను మీద. పాకాల నుంచి తిరుపతి ఒకవైపు, వేలూరుకు పోయే కాట్పాడి ఇంకోవైపు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనూ మార్పిళ్లు చేస్తారు. పట్టాలైతే ఇంటి ముందునుంచే ఉన్నాయి. ఆ రైలు ఎక్కేది ఎవరన్నదే అసలు సంగతి.

దేశంలో 1995 నుంచి 2021 దాకా జరిగిన 36,640 అవయవ మార్పిళ్ల లెక్కను ఆ పని చూసే జాతీయ సంస్థ బయటపెట్టింది. అందులో ఆడవాళ్లకు అందినవి 6,945. మిగతా ఇరవై తొమ్మిది వేలకు పైగా మగవాళ్లకే. బతికుండగా ఇచ్చే దాతల్లో మాత్రం ఎక్కువమంది ఆడవాళ్లు. అమ్మ ఇస్తుంది, భార్య ఇస్తుంది, అక్క ఇస్తుంది. ఆమెకు అవసరమొస్తే డయాలసిస్‌తోనే సరిపెడతారు. ప్రభుత్వం డయాలసిస్ ఉచితంగా చేయిస్తోంది, నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. మంచిదే. కానీ ఆమె ముట్టు, ఆమె ఎముక, ఆమె కడుపున పండాల్సిన బిడ్డ పింఛనుతో రావు. ఇంకా పిల్లలు పుట్టని ఇల్లాలు మొగుడికి కిడ్నీ ఇచ్చేముందు ఒక మాట ఆమెకు చెప్పి తీరాలి. కెనడాలో జరిగిన అధ్యయనంలో, దాతలైన ఆడవాళ్లకు ఆ తర్వాతి గర్భంలో బీపీ సమస్యలు నూటికి 11 మందికి వస్తే, ఇవ్వనివాళ్లలో 5 మందికి వచ్చాయి. ఇవ్వొద్దని కాదు, తెలిసి ఇవ్వాలని.

కిడ్నీ డాక్టర్లకు ఒక విన్నపం. మీ ముందు కూర్చున్న మనిషి ఈ మాట తనంతట తను ఎత్తడు. పక్కన భార్యో కొడుకో ఉంటే అసలు ఎత్తడు. మొదటి చీటీ మీదే "నెలసరి ఎలా ఉంది? దాంపత్యం ఎలా ఉంది?" అని రెండు గళ్లు అచ్చు వేయించండి. తెలుగులో వేయించండి. నర్సమ్మలకు అడగడం నేర్పండి.

డయాలసిస్‌కు పోయే అన్నలకు, అక్కలకు ఇంకో మాట. నోటితో చెప్పలేకపోతే చిన్న కాగితం మీద రాసి ఫైలులో క్రియాటినిన్ రిపోర్టు పైన పెట్టండి. ఎప్పటినుంచి, ఏం మారింది, పిల్లలు కావాలనుకుంటున్నారా లేదా, ఏమేం మందులు వాడుతున్నారు. గోడ మీది నంబరుకు ఇప్పటికే ఫోన్ చేసి ఏదైనా తిని ఉంటే, ఆ పొట్లం కూడా వెంట తీసుకుపోయి డాక్టరుకు చూపించండి.